నాన్న బండి క్లచ్

“దిగు. నువ్వుంటే బండి లాగట్లేదు,” అన్నాడు భర్త, వంతెన ఎత్తు సగంలో ఉండగా. ఆమె దిగింది. భుజానికి ఆఫీసు బ్యాగు, రెండు చేతుల్లో కూరల సంచులు. అతను ఇంజన్‌ని గోల పెట్టిస్తూ నత్తలా పైకి పోయాడు. వెనక నడుస్తూ ఆమె వింటూనే ఉంది. అరుపు చూస్తే ఆకాశంలో, వేగం చూస్తే పాతాళంలో! ఇది బరువు జబ్బు కాదు, క్లచ్ జారుతోంది. చెబితే వినేదెవరు? అన్నగారి కారుకి కొన్న ఆయిల్ మిగిలితే, పారబోయడమెందుకని దీన్లో పోశాడు. “వద్దండీ, బండి క్లచ్ ఆయిల్‌లోనే మునిగుంటుంది, కారు ఆయిల్‌కి జారిపోతుంది,” అని మొత్తుకుంది. “చెప్పొచ్చారండీ ఇంజనీరుగారు! పొయ్యి మీద ఏముందో చూసుకో,” అన్నాడు.

వంతెన పైన మళ్ళీ ఎక్కించుకుంటూ, “ఆదివారం పాలాయన వస్తాడు. ఈ డొక్కు ఆయనకి అంటగడితే పీడా పోతుంది,” అన్నాడు. ఆ డొక్కు ఆమె నాన్నది. నాన్న పోయాక ఆమెకంటూ మిగిలింది అదొక్కటే.

నాన్నది బళ్ళు బాగుచేసే రేకుల షెడ్డు. బడి వదలగానే పుస్తకాల సంచి మూల పడేసి అక్కడికే పరుగు. కిరోసిన్ వాసనకి అమ్మ ముక్కు మూసుకునేది, ఈమెకేమో ఆకలి వేసేది. “రావే బుజ్జిమేస్త్రీ,” అని నాన్న పీట జరిపేవాడు. “ముందు చెవి, తర్వాతే స్పానర్,” అనేవాడు. క్లచ్ స్ప్రింగుల బోల్టులు ఒక పక్క నుంచి వరసగా బిగిస్తే నెత్తిన మొట్టేవాడు. ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలట, లేకపోతే ప్లేటు వంకరగా కూర్చుంటుందట. ఆ మొట్టికాయలు ఇప్పుడు ఎవరు వేస్తారు? ఈ ఇంట్లో తప్పులెన్నేవాళ్ళే గానీ, పని నేర్పి మొట్టేవాళ్ళు లేరు.

శనివారం భర్త బండి మీద నమ్మకం పోయి బస్సులో వెళ్ళాడు. ఆమెకి సెలవు. అంట్లు అలాగే వదిలేసి బండి స్టార్ట్ చేసింది. టాప్ గేరులో వేసి, బ్రేకు గట్టిగా పట్టి, క్లచ్ మెల్లగా వదిలింది. బాగున్న బండైతే ఠక్కున ఆగిపోవాలి. ఇది హాయిగా తిరుగుతూనే ఉంది. అనుకున్నదే. కారు ఆయిల్ మొత్తం దించేసి, ఇంజన్ పక్క మూత విప్పింది. ప్లేట్లు అరిగి, మాడిన కంపు కొడుతున్నాయి. వేళ్ళు మాత్రం ఏదీ మరిచిపోలేదు. ఎన్నేళ్ళకి! ఒక్కతే ఫక్కున నవ్వేసింది.

కొత్త ప్లేట్లు తెచ్చి, బండి ఆయిల్‌లో నానబెట్టింది. అత్తగారు వచ్చి వంగి చూసింది.

“ఆ బేసిన్లో ఏంటే?”

“క్లచ్ ప్లేట్లు అత్తయ్యా. నూనె పీల్చుకోవాలి, లేకపోతే మాడిపోతాయి.”

అత్తగారు కోడలి నల్లటి చేతుల్ని కాసేపు చూసింది. అరుస్తుందనుకుంటే, పళ్ళెం తెచ్చి బేసిన్ మీద మూత పెట్టింది. “దుమ్ము పడుతుంది,” అని అంట్ల దగ్గర కూర్చుంది. సాయంత్రానికి బిగింపు అయిపోయింది.

ఆదివారం పాలాయన వచ్చి, బండిని వంతెన ఎక్కించి చూసి, తిరిగొచ్చాడు.

“దీనికి జబ్బేంటండీ! క్లచ్ వెన్నలా ఉంది. వేసిందెవరో గానీ చెయ్యి తిరిగిన మనిషి.”

భర్త వంగి బండి వైపు చూశాడు.

“నేనే వేశాను,” అంది ఆమె.

“దీనికి వేళాకోళాలెక్కువ లెండి,” అని భర్త నవ్వేశాడు. ఆమె వైపు తిరిగి, “నువ్వు లోపలికెళ్ళు,” అన్నాడు.

నాన్న కూడా ఆ మాటే అనేవాడు. షెడ్డులోకి ఎవరైనా వస్తే చాలు, ఆమె చేతిలో స్పానర్ తీసేసుకుని, గుడ్డతో వేళ్ళు తుడిచి, “లోపలికెళ్ళమ్మా,” అనేవాడు. ఆమె బిగించిన క్లచ్‌ని తన పనిగా అప్పజెప్పేవాడు. “ఆడపిల్ల చేసిందంటే మళ్ళీ రారు తల్లీ,” అని తర్వాత బుజ్జగించేవాడు. ఆ బుజ్జగింపునే ఇన్నేళ్ళూ ముద్దనుకుంది. నాన్నంటే ఇప్పటికీ ప్రాణమే. అయినా మొదటిసారి ఆయన మీద ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

లోపలికి వెళ్ళలేదు. చెయ్యి చాపి పాలాయన దగ్గర తాళంచెవి తీసుకుంది.

“బండి అమ్మడం లేదండీ. మీ బండి క్లచ్ జారితే మాత్రం తీసుకురండి. ఇదిగో, ఈ వాకిట్లోనే, మీ కళ్ళెదుటే వేసిస్తాను.”