శనివారం వాదన

ఆర్విల్ పెల్కీ లైబ్రరీలోకి వచ్చి, టోపీ తీసి, బల్ల మీద మోచేతులు ఆనించాడు.

"శనివారాలు ఈ లైబ్రరీ మూసేయాలి నెట్టీ. ఆ ఖర్చుతో మా కొండదారి మంచు తీయించొచ్చు. మార్చిలో ఊరి వార్షిక సభలో తీర్మానం పెడతా. ఎలా పెట్టాలో కాస్త చూపించు."

నెట్టీకి ఒళ్లు మండింది. అమెరికాలో వెర్మాంట్ కొండల్లోని ఆ లైబ్రరీని ఇరవై ఏళ్లుగా నడుపుతోంది. శనివారమే దానికి ప్రాణం.

"నా గొయ్యి నన్నే తవ్వమంటావా?"

"పార ఎక్కడుందో నీకేగా తెలుసు!"

అడిగినది వెతికిపెట్టడం ఆమె పని, అడిగింది ఎవరైనా సరే. ఆరు వారాలు పాత సభల పుస్తకాలు తీసిపెట్టింది, తీర్మానానికి కావలసిన సంతకాల కాగితం రాయించింది. అతని వాదన తేలిపోయిన చోట, "ఇది నిలవదు, ఇది చూడు" అని గట్టి ఆధారం చూపించి, ఆనక నాలిక కరుచుకుంది.

సభ రోజున బడి హాలు నిండిపోయింది. నలభై ఏళ్లుగా వెనక వరసలో గొణగడమే తప్ప లేచి మాట్లాడని ఆర్విల్, కాగితం చూడకుండా గడగడా వాదించాడు. జనం చప్పట్లు కొట్టారు. నెట్టీ గుండె జారిపోయింది. ఇంత బాగా ఎందుకు నేర్పానా అని తనను తాను తిట్టుకుంది. లోలోపల గర్వంగానూ ఉంది, ఏం చేస్తుంది పాపం!

అప్పుడు పాడిరైతు మావిస్ లేచింది. "అధ్యక్షా, ఒక్క ప్రశ్న. వారమంతా అడవిలో తీపి రసం కోసం మేపుల్ చెట్లకి గొట్టాలు బిగిస్తుంటాడే, ఈయన ఇవన్నీ ఎప్పుడు చదివాడంట?"

ఆర్విల్ మొండివాడే కానీ అబద్ధమాడేవాడు కాదు. చెవులు ఎర్రబడ్డాయి.

"శనివారాలు," అన్నాడు.

హాలంతా నవ్వులతో ఘొల్లుమంది. అధ్యక్షుడు సుత్తి కొట్టడం కూడా మరిచి నవ్వాడు. ఓటు అడిగితే "అవును" అన్నది ఆర్విల్ ఒక్కడే, అదీ నీరసంగా. "కాదు" అన్న కేకకి కిటికీలు అదిరాయి. నెట్టీ కళ్లు తుడుచుకుంది.

ఆ శనివారం తలుపు తీసేసరికి మెట్ల మీద ఆర్విల్, చేతిలో టోపీ.

"ఓడిన తీర్మానం మళ్లీ పెట్టాలంటే ఏం చేయాలో చూపించు."

"ఇవాళేనా?"

"తొందరేం లేదు. వచ్చే సభకి ఇంకా యాభై శనివారాలున్నాయిగా."

నెట్టీ నవ్వుతూ అతని కుర్చీ కిటికీ పక్కకి లాగింది.