తొట్టి మీద నీడ

ఆదివారం పొద్దున్నే సుందరి పెరట్లోని సిమెంటు తొట్టిని కొబ్బరిమట్టతో కలియబెట్టింది. నీళ్ళు అడుగుదాకా పచ్చగా కదిలాయి. నీరసంగా ఉన్న పిల్లలకు పెట్టే స్పైరులినా అనే నాచు అది. రాజోలు పోషకాహార కేంద్రం వాళ్ళు నిరుడు తొట్టి కట్టించి, పెంపకం ఆమెకు నేర్పారు. అత్తగారు కరుణమ్మకు మాత్రం అది పాచి. "ఇంటెడు పని పెట్టుకుని పాచికి ఊడిగం చేత్తందండీ మా కోడలు" అని ఇరుగుపొరుగుతో నవ్వుతూనే అనేది.

నాచుకు వెచ్చదనం కావాలి. చలికాలంలో ముడుచుకుపోయి ఎదగనే లేదు. అలాగని వేసవి ఎండకు నీళ్ళు కాగితే చచ్చిపోతుంది. పొద్దున్నే కప్పేస్తే వెలుగు చాలదు. ఎండ నడినెత్తికి వచ్చేముందు తడిక కప్పాలి. ఆదివారం ఆ వేళకు ఇంటిల్లిపాదీ చర్చిలో ఉంటారు. పోయినవారం అలాగే కాగి, సగం తొట్టి నాచు చచ్చి పసుపు తేలింది. ఇంకోసారి కాగిందంటే విత్తనానికైనా మిగలదు. "పాచి కోసం ప్రసంగం మధ్యలో లేచెళ్తావేంటి? నలుగురూ ఏవనుకుంటారు?" అన్నాడు భర్త సాలమోను.

చర్చిలో ఆడవాళ్ళ చాపల మీద కూర్చున్నా ఆమె చూపు గుమ్మం నీడ మీదే ఉంది. నీడ కురచయ్యేకొద్దీ తన వీపే కాగుతున్నట్టనిపించింది. ఇదే చాప మీంచి ఎన్నిసార్లు లేవలేదు తను? బిడ్డ ఏడిస్తే లేచింది. ఆయన కళ్ళజోడు మరిచొస్తే లేచింది. తమ ఇంట భోంచేసే పాస్టరుగారి కోసం ఎసరు పెట్టడానికి లేచింది. ఆ నలుగురూ అప్పుడు ఏమీ అనుకోలేదు. అది తట్టేసరికి కోపం రాలేదు, చిత్రంగా నవ్వొచ్చింది. లేచింది.

కరుణమ్మ కొంగు పట్టుకుంది. "పాస్టరుగారి ఎసరుకేనా?" అంది గుసగుసగా.

తలూపితే చాలు. అబద్ధాన్ని ఆవిడే చేతికందిస్తోంది.

"కాదండీ అత్తయ్యగారూ. నా తొట్టికి నీడ వెయ్యాలండి. ఎసరు తర్వాతండి."

మగవాళ్ళ వైపు నుంచి సాలమోను తల తిప్పి చూశాడు. కరుణమ్మ కోడలి మొహంలోకి ఓ క్షణం చూసి, కొంగు వదిలి, మోకాళ్ళు పక్కకు జరుపుకుంది.

"చెప్పులేసుకెళ్ళు. ఇసక కాలుద్ది."

సుందరి తడిక పరిచి, కిందికి చెయ్యి పెట్టి చూసింది. పసిపిల్లకు స్నానం చేయించేంత వెచ్చగా ఉన్నాయి నీళ్ళు. దూరంగా చర్చిలో కీర్తన మొదలైంది. వంటింటి వైపు చూసి, వెళ్ళకుండా, తొట్టి గట్టు మీద కూర్చుంది. వచ్చే ఆదివారం గుమ్మం పక్క చాప మీద కూర్చుంటే లేవడం తేలిక అనుకుంది.