అత్తగారి కొవ్వుకు పస్తు

అత్తగారి పిత్తాశయం తీసేసిన రోజున సర్జన్ ఆవిడ పొట్టలోంచి నిమ్మకాయంత కొవ్వు కూడా కోసి, సీసాలో వేసి కోడలి చేతికిచ్చాడు. దొంగతనంగా కాదు, అత్తగారు ముందే సంతకం పెట్టారు. "ఇన్నేళ్ళూ నేను మోశాను, ఇకమీదట నువ్వు మొయ్యి" అని దీవించి మరీ ఇచ్చారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు లోకంలో. ఈ ఇంట్లో అత్త తన సొమ్ము తానే దానం చేసింది, అదీ కోడలికి.

కోడలి ఉద్యోగం కొవ్వు కణాలతో. కొవ్వంటే జనం మొహం చిట్లిస్తారు గానీ ఆమెకు మహా ముద్దు. మైక్రోస్కోపులో చూస్తే ఒక్కో కణం నిండుగా, గుండ్రంగా, లోపలంతా ఒకే ఒక్క నూనె బొట్టుతో ఉంటుంది. మిగతా సరంజామా అంతా ఓ మూలకు నక్కి, గోడకు అతుక్కుని కాపురం చేస్తుంది. మనం భోంచేస్తే ఒంట్లో ఇన్సులిన్ బయల్దేరి "దాచు" అని చెబుతుంది. కణం రక్తంలోంచి కొవ్వు ఆమ్లాల్ని లోపలికి లాక్కుని, మూడేసి చొప్పున ఒక్కో గ్లిసరాల్‌కు కట్టి, ఆ బొట్టులో పడేస్తుంది. ఆకలేసినా, నాలుగడుగులు గట్టిగా నడిచినా ఇంకో కబురు వస్తుంది: "తియ్యి." అప్పుడు కట్టిన మూడింటినీ ఒక్కొక్కటిగా విప్పి బయటికి పంపుతుంది, కండరాలు వాటిని కాల్చుకుంటాయి. మిగిలిన గ్లిసరాల్ చుట్టూ ఉన్న నీళ్ళలో కలుస్తుంది. ఆ నీళ్ళలో ఓ మందు చుక్క వేస్తే గులాబీ రంగు తేలుతుంది. రంగు ఎంత ముదిరితే కొవ్వు అంత కరిగినట్టు.

చిక్కల్లా ముసలివాళ్ళ కణాలతోనే వచ్చింది. కుర్రవాళ్ళ కణాలకు "తియ్యి" అని కబురు పంపితే నీళ్ళు గులాబీ తోటలా అయిపోయేవి. పెద్దవాళ్ళ కణాలు ఉలకవు, పలకవు. ఎవరి కణాలు తెచ్చినా అదే వరస. వయసు మళ్ళినా కణం మాట వింటుందని కోడలి నమ్మకం. నమ్మకాన్ని బట్టి నీళ్ళకు రంగు రాదు కదా.

ఓ రోజు ఆ విసుగంతా ఇంటికి మోసుకొచ్చి, భోజనాల బల్ల దగ్గర వెళ్ళగక్కింది. "ముసలి కొవ్వు ఇక కరగదేమో!" అంది మొగుడితో. అంది సరే, పక్కనే అత్తగారు ఉన్నారని చూసుకోవద్దూ? ఆవిడ మర్నాటి నుంచి పొద్దుటి నడక మానేశారు. ఆపరేషనయ్యాక డాక్టరు నడవమంటే, "దేనికండీ? నాది ముసలి కొవ్వు. మా కోడలు అదే చదువు చదివింది, దానికి తెలీదా?" అన్నారు. కోడలు బతిమాలింది, మొగుడు కేకలేశాడు. ఆవిడ కుర్చీ దిగలేదు. తను నోరు జారిన ఒక్క మాట ఆ పెద్ద ప్రాణాన్ని కుర్చీలో కూలేసిందని కోడలు తనను తానే తిట్టుకునేది.

ఆపరేషన్ నాడు తెచ్చి, పోషక ద్రవంలో బతికించుకొస్తున్న ఆ అత్తగారి కణాలే ఇప్పుడు చివరి ఆశ. ల్యాబ్ పెద్దను వెనకాల అందరూ సందేహం సారు అంటారు. ఎదురుగా సూర్యుణ్ణి చూపించి పొద్దుపొడిచిందన్నా, "ఎలా చెప్పగలవు?" అనే రకం. ఆయన ఆ ఉదయం తేల్చేశాడు. "ఇవాళ్టితో సరి. ఇవి కూడా పలక్కపోతే ముసలి కణాలకు చెవుడని రాసేసి, ఈ పని మూసేద్దాం. నా కళ్ళముందే చెయ్యి."

కోడలు రెండు గొట్టాలు ముందు పెట్టుకుంది. ఒకదాంట్లో సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న ఓ కుర్రాడి కణాలు, రెండోదాంట్లో అత్తగారివి. కొవ్వు కణాలు మీగడలా పైకి తేలతాయి. కుర్రాడి గొట్టంలో అడుగున ఉన్న పోషక ద్రవాన్ని సన్నటి గొట్టంతో లాగేసి, ఉప్పునీళ్ళు పోసి, మెల్లగా తిప్పి, మళ్ళీ లాగేసింది. అలా కడిగి కడిగి, వట్టి ఉప్పునీళ్ళలో పస్తు పెట్టింది. తర్వాత అత్తగారి గొట్టం తీసుకుని, కడక్కుండానే "తియ్యి" అని చెప్పే కబురు మందు సీసా మూత తిప్పబోయింది.

"అవి కడగవేం?" అన్నాడు సారు.

"పెద్దవాళ్ళవి కదా సార్. చిట్లిపోతాయి."

"చిట్లిపోతాయని ఎవరన్నారు?"

కోడలు సీసా కింద పెట్టేసింది. ఎవరన్నారు? ఎవరూ అనలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ ముసలాయన కణాలు కడుగుతుంటే గొట్టాన్ని గట్టిగా తిప్పేయడంతో అన్నీ పగిలి నూనె తెట్టు కట్టింది. ఆ రోజు వలవలా ఏడ్చింది. అప్పట్నుంచీ పెద్దవాళ్ళ కణాలొస్తే కదపకుండా, కడక్కుండా, పోషక ద్రవంలోనే కూర్చోబెట్టి పరీక్షించేది. ఆమెను చూసి తక్కినవాళ్ళూ అదే నేర్చుకున్నారు. పెద్దవాళ్ళను గౌరవించడం మంచిదే గానీ, ఆ పోషక ద్రవంలో ఉన్నదేమిటి?

"ఇన్సులిన్!" అని అరిచింది కోడలు. పక్క బల్లవాళ్ళు ఉలిక్కిపడ్డారు. "సార్! దాచు దాచు అని వాటి చెవిలో హోరెత్తిస్తూనే ఉన్నాం. మధ్యలో నేను తియ్యమంటే వాటికెలా వినపడుతుంది? కుర్ర కణాలకు కడిగి పస్తు పెట్టాం. వీటికి ఒక్కనాడూ ఆకలి వెయ్యనిస్తే కదా!"

సారు తల గోక్కున్నాడు. ఆయన జీవితంలో ఒక మాటకు ఎదురు ప్రశ్న వెయ్యకపోవడం అదే మొదలు.

కడగాలి. కానీ అప్పట్లా పగిలిపోతే? ఇంకో చుక్క లేదు, పని మూతపడుతుంది, కుర్చీలో ఆవిడ అలాగే ఉండిపోతుంది. కోడలు ఏమనుకుందో ఏమో, ఫోను తీసి అత్తగారికి చేసింది.

"అత్తయ్యా, మీ కణాల్ని కడిగి కాసేపు పస్తు పెట్టాలి. పగిలిపోతాయేమోనని భయంగా ఉంది."

"నన్ను పస్తు పెట్టడం ఇంట్లో కుదరక ఆఫీసులో మొదలెట్టావా?"

"అత్తయ్యా!"

"కడుగమ్మాయ్. ముగ్గురు పిల్లల్ని కని, రెండిళ్ళు మారి, మీ మావగారి నోటిని నలభై ఏళ్ళు భరించిన ఒళ్ళిది. నీ ఉప్పునీళ్ళకు పగులుతుందా?"

కోడలు కళ్ళు తుడుచుకుంది. ద్రవం లాగడానికి వెడల్పు మూతి ఉన్న గొట్టం ఎంచుకుంది, కణాలు ఇరుక్కుని నలగకుండా. ఉప్పునీళ్ళను ఒంటి వేడికి వెచ్చబెట్టింది. అడుగున ఉన్న ద్రవాన్ని లాగింది. కొత్త నీళ్ళు గోడవెంట జారవిడిచింది. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. నూనె తెట్టు లేదు. కణాలు తెల్లగా, గుండ్రంగా, దర్జాగా పైన తేలుతున్నాయి. మళ్ళీ కడిగింది, చెక్కు చెదరలేదు.

పస్తు వేళ గడవడం లేదు. సారు వచ్చి చూస్తాడు, వెళ్తాడు, మళ్ళీ వస్తాడు. చివరికి కోడలు అత్తగారి కణాల్ని రెండు వాటాలు చేసింది. ఒకదానికీ, కుర్రాడి కణాలకూ "తియ్యి" కబురు వేసి, రెండోదాన్ని ఊరికే వదిలేసింది. గోరువెచ్చటి తొట్టిలో ఉంచి, ఆగి, అడుగునీళ్ళు తీసి, తెల్లపళ్ళెంలోని గుంటల్లో వరసగా పోసి రంగు మందు చుక్కలు వేసింది.

ముందు కుర్రాడి గుంట గులాబీ తిరిగింది. అది ఎప్పుడూ ఉన్నదే. ఊరికే వదిలేసిన గుంట నీళ్ళలాగే ఉంది. కబురందిన అత్తగారి గుంట అంచున, ఉందా లేదా అన్నట్టు, లేత రంగు. కోడలు కళ్ళు నులుముకుంది. రంగు నడుమకు పాకింది. చిక్కబడింది. కుర్రాడి గుంటను అందుకుంది. ఇంకాస్త ఆగితే ఏది ఎవరిదో ఆనవాలు పట్టలేనట్టుంది.

"వచ్చింది!" అంది కోడలు. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అంది, ఈసారి ల్యాబంతా దద్దరిల్లేలా. చుట్టూ జనం మూగారు. ఎవరో చప్పట్లు కొట్టారు. సందేహం సారు అందర్నీ తప్పించి, మిగిలిన నీళ్ళు తీసుకుని తన చేత్తో పరీక్ష మళ్ళీ చేశాడు. గులాబీ. యంత్రంలో పెట్టి కొలిచాడు. గులాబీయే. కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి, "చెవుడు వాటికి కాదమ్మా, మనకి" అన్నాడు. "ఇప్పటిదాకా చూసిన పెద్దవాళ్ళందర్నీ మళ్ళీ అడుగుదాం. నిమ్మకాయంత ఇస్తారేమో కనుక్కో. పని మూసేది లేదు." అని ఊరుకోకుండా, "అయినా ఇది గొట్టంలో సంగతి. ఒళ్ళు వేరు. ఒంట్లో కూడా ఇలాగేనని ఎలా చెప్పగలవు?" అన్నాడు. ఆయన సందేహం ఆయనకు తిరిగొచ్చేసింది. కోడలికి ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

ఫోను ఒక్క మోతకే అత్తగారు ఎత్తారు. పక్కనే పెట్టుకుని కూర్చున్నట్టున్నారు.

"అత్తయ్యా, మీ కొవ్వు కరిగింది! పాతికేళ్ళ కుర్రాడి కొవ్వుతో సమానంగా. తప్పు నాదే, నేనే దానికి ఆకలి వెయ్యనివ్వలేదు. ఆ రోజు బల్ల దగ్గర నేనన్న మాట వట్టి అబద్ధం అత్తయ్యా."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత కుర్చీ కిర్రుమంది, నేల మీద కర్ర తాటించిన చప్పుడైంది.

"అమ్మాయ్," అన్నారు అత్తగారు, "నా చెప్పులెక్కడ పెట్టి చచ్చారే?"