అందరికీ మూడే

వాల్వుల సెక్షన్ మేస్త్రికి ఒక మాట ఖర్చు పెట్టాలంటే ప్రాణం పోయినంత పని. పని బాగుంటే తల కూడా ఊపడు. బాగా లేకపోతే ఆ వాల్వు తీసుకెళ్ళి చేసినవాడి బల్లమీద మళ్ళీ పెట్టి వెళ్ళిపోతాడు. అంతే. ఆ సెక్షన్‌లో తొమ్మిదిమంది ఏళ్ళ తరబడి ఆ మౌనాన్ని చదువుకుంటూనే నెట్టుకొస్తున్నారు.

కంపెనీ పెద్దాఫీసు సముద్రాల అవతల ఉంది. అక్కడినుంచి ఏటా ఒక ఫారం వస్తుంది. మనిషి మనిషికీ ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వెయ్యాలి. మేస్త్రి దాన్ని టీ చల్లారేలోపు నింపేసేవాడు. అందరికీ మూడే. ఒకడికి నాలుగేస్తే ఇంకొకడి మొహం మాడుతుంది, ఇద్దరి మధ్య పుల్ల పెట్టినట్టవుతుంది, పని చెడుతుంది అని ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశం ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం పొద్దున హెచ్‌ఆర్ గదికి పిలుపొచ్చింది. గదిలో ఉన్నది పరాయివాడేం కాదు, భార్య తమ్ముడే. పన్నెండేళ్ళ కిందట గేటు దగ్గర హాజరు రాసుకునే పనిలో మేస్త్రే పెట్టించాడు. ఇప్పుడతనికి అద్దాల గది, తిరిగే కుర్చీ.

"కూర్చో బావా."

మేస్త్రి కూర్చోలేదు.

"సరే, నిలబడే విను. మనలాంటి వాల్వుల సెక్షన్లు కంపెనీకి మూడు దేశాల్లో ఉన్నాయి. ఇకమీదట ఒక్కటే ఉంచుతారట. కొత్త వ్యూహం. ఏది ఉంచాలో అక్కడి మనుషుల్ని బట్టి తేలుస్తారు. ఐదేళ్ళ అంకెలు తీశారు." స్క్రీను ఇటు తిప్పాడు. "మిగతా రెండు చోట్లా నాలుగులూ ఐదులూ కళకళలాడుతున్నాయి. నీది చూడు. గోడకి సున్నం కొట్టినట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా మూడు."

"మా చేతిలోంచి వెళ్ళిన వాల్వు ఎప్పుడైనా తిరిగొచ్చిందా?"

"వాళ్ళడిగేది సరుకు గురించి కాదు. ఈ కాగితం ప్రకారం నీ దగ్గర చెప్పుకోదగ్గ మనిషి ఒక్కడూ లేడు. నేనన్నమాట కాదిది, నువ్వు సంతకం పెట్టిన మాట."

"అయితే మారుస్తాను."

"అంకెలు మారవు. ఒక్కొక్కరి పేరు కింద రెండు వరసలు రాసుకోడానికి ఇవాళ నాలుగింటిదాకా గడువిచ్చారు. ఎవరేం చేశారో, ఎప్పుడు చేశారో రాయాలి. కింద ఆ మనిషి సంతకం ఉండాలి. తొమ్మిదీ ఉంటేనే చూస్తారు. ఎనిమిదైతే చెత్తబుట్టే." కాగితాలు తోశాడు. "ఏడాదికోసారి నీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను, కాస్త చూసి రాయి బావా అని. నాతో మాట్లాడ్డం నీకు నామోషీ."

మేస్త్రి కాగితాలు లాక్కుని మెట్లు దిగాడు.

మిషన్లన్నీ ఆపించి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"అంటే మా మెడమీద కత్తి పెట్టింది ఆ పెద్దాఫీసువాళ్ళు కాదు, మీరేనన్నమాట," అన్నాడు లేత్ నడిపే ఎడంచేతి టర్నరు.

"రాస్తాను. సంతకాలు పెట్టండి." మేస్త్రి టెస్టింగ్ బల్లమీద కాగితాలు పరిచి, టర్నరు పేరుతో మొదలుపెట్టి పైకి చదువుతూ రాశాడు. "మూడేళ్ళ కిందట, వానాకాలం. నలభై పోత ముక్కలొచ్చాయి. మిషనెక్కించకముందే సుత్తితో తట్టి, చప్పుడు బట్టి పగిలినవి పదకొండు ఏరేశాడు."

టర్నరు తెల్లబోయాడు. "అప్పుడు మీరిక్కడ లేరే!"

"స్టోరు కిటికీ దగ్గరున్నాను."

వాల్వు మూతలు నున్నగా అతికేలా పేస్టు రుద్దే పెద్దాయన సంగతి రాశాడు. ఒక మూత వాల్వు లోపలి సీటుమీద సరిగ్గా అతకలేదని అనుమానం పుట్టి, ఎక్కిన బస్సు దిగి వెనక్కొచ్చిన రోజు, తేదీతో సహా. తర్వాత టెస్టింగ్ ఆవిడ వంతు వచ్చింది. "వాల్వులోకి నీళ్ళు ఎక్కించగానే అంచు కింద చెయ్యి వెనకవైపు ఆనిస్తుంది. చుక్క రాలకముందే తడి పట్టేస్తుంది. పోయినేడు అలా పట్టినవి పదిహేడు."

"ఆగండి," అందావిడ. "పదిహేడని మీకెలా తెలుసు? నేనే లెక్కపెట్టుకోలేదు."

"చూశాను."

"చూశారా?" ఆవిడ చేతులు గుడ్డకు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ నేనేమనుకున్నానో తెలుసా? పాపం ఆయనకి మన పని కనపడదు, తెలియక మూడేస్తున్నాడులే అని సరిపెట్టుకున్నాను. ఇంట్లో మా ఆయన తిడుతుంటే మిమ్మల్నే వెనకేసుకొచ్చాను. నువ్వు అన్నీ చూశావు. లెక్కతో సహా చూశావు. చూసి మూడేశావు!"

మీరు కాస్తా నువ్వైపోయింది. ఎవరూ ఆవిణ్ణి వారించలేదు.

"ట్రైనింగు రూములో నేర్పడానికి మనిషి కావాలంటే దరఖాస్తు పెట్టాను. కూర్చుని చేసే పని. అప్పటికే నా మోకాళ్ళు అరిగిపోయాయి. మూడు వచ్చినవాళ్ళకి ఇవ్వం పొమ్మన్నారు."

"ఒకరికెక్కువేస్తే మిగతావాళ్ళు..."

"మిగతావాళ్ళు ఏడుస్తారని నీకెవరు చెప్పారు? ఎవర్నడిగావు? మేం కొట్టుకుచస్తామని నువ్వే అనుకుని, నువ్వే తీర్పు చెప్పేసి, పెద్దమనిషిలా తిరిగావు."

ఎనిమిదిమంది సంతకాలు పెట్టారు, మొహాన కొట్టినట్టు. మూడున్నర దాటింది. ఆవిడ మాత్రం కలం ముట్టుకోలేదు.

"పెట్టమ్మా," అన్నాడు పెద్దాయన.

"నీ పంతానికి మేం వీధిన పడాలా?" టర్నరు విరుచుకుపడ్డాడు.

"పెడతాను. ముందు ఆయన్ని కూడా తన గురించి రాయమను, తెలిసి తెలిసి తప్పు అంకెలేశానని. ఐదేళ్ళు మూడేసినవాడు ఇవాళ ఒక్కపూటలో ఇన్ని గొప్పలు రాస్తే ఎవడు నమ్ముతాడు? గడువు చూసి కట్టుకథలల్లాడంటారు. నువ్వైతే నమ్ముతావా?"

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ అన్నదాంట్లో వంకపెట్టడానికేం లేదు. అడుగున ఖాళీ చోట ఆ మాటే రాశాడు. ఆవిడ చదివింది, రెండోసారి కూడా చదివింది. సంతకం పెట్టలేదు. "పద, పైన పెడతాను. దారిలో చింపేస్తావేమో," అని రెయిలింగు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ వెంట వచ్చింది.

బావమరిది చదివి కుర్చీలోంచి లేచాడు. "మతిపోయిందా బావా? ఇది పంపితే నిన్ను నెలాఖరుకే సాగనంపుతారు. వీళ్ళ సెక్షన్ నిలుస్తుందన్న పూచీ కూడా లేదు."

"పంపు."

"అక్క నన్ను గడప తొక్కనివ్వదు."

"ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుంది. పంపు."

టెస్టింగ్ ఆవిడ బల్లమీదికి వంగి సంతకం పెట్టింది. మేస్త్రివైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

పదోరోజున జవాబొచ్చింది. ఈ సెక్షన్ ఉంటుంది, మిగతా రెండూ మూతపడతాయి. అక్కడ నాలుగులూ ఐదులూ తెచ్చుకున్నవాళ్ళు ఏమయ్యారో ఇక్కడెవరూ అడగలేదు. ఆ జవాబులోనే, తప్పు అంకెలిచ్చినందుకు మేస్త్రిని తీసేస్తున్నట్టు ఒక పేరా ఉంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం వేరే సెక్షన్‌నుంచి కొత్త ఫోర్‌మన్ వచ్చాడు. మర్యాదస్థుడు. మేస్త్రి పక్కన నిలబడి, "వీళ్ళలో ఎవరి చెయ్యి ఎలాంటిదో కాస్త చెప్పి వెళ్ళండి," అన్నాడు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. చెప్పడానికి ఈసారి చాలానే ఉంది.

"ఆయన్నెందుకు సార్ అడగడం?" టెస్టింగ్ ఆవిడ బల్ల దగ్గర్నుంచే కేకేసింది. "ఇటు రండి. నిలబడి మీరే చూడండి."

కొత్తాయన ఒక క్షణం తటపటాయించి అటు నడిచాడు. ఆవిడ వాల్వులోకి నీళ్ళెక్కించే పంపు తిప్పింది.