డొల్ల చప్పుడు

ఆళ్లగడ్డలో విగ్రహానికి రాయి కొనేటప్పుడు నన్ను పిలవని శిల్పి లేడు. గొప్పలకు పోవడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. సుత్తితో రెండు దెబ్బలు వేసి చెవి పెట్టి వింటాను. ఖంగుమంటే తీసుకోమంటాను. డొల్లగా పలికితే లోపల పగులున్నట్టే. పైకి ఎంత నున్నగా కనబడినా వదిలెయ్యమంటాను. కాదని ఎవడైనా ఎదురు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై ఆరేళ్లలో నా చెవి ఒక్కసారి కూడా తప్పలేదు.

నా తమ్ముడు రాజశేఖర్‌కు ఆ విద్య నేర్పింది నేనే. నాయన పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. అన్నం కలిపి పెట్టిందీ, ఉలి పట్టించిందీ నేనే. వాడి చేతికి రాయికంటే కొయ్య బాగా లొంగేది. పోయిన ఏడాది గోవాలో యాట్లు కట్టే యార్డులో పని దొరికింది. యాట్ అంటే డబ్బున్నవాళ్లు కొనుక్కునే తెరచాపల పడవ. దాని లోపలి గదుల తలుపులకు నగిషీలు చెక్కడం వాడి పని. భార్య గీతాంజలినీ, నాలుగేళ్ల కూతురు లహరినీ నంద్యాలలో అత్తగారింట్లో దింపి వెళ్లాడు.

అక్టోబరులో ఒక కొత్త యాట్‌ను గోవా నుంచి కొచ్చికి చేర్చాల్సి వచ్చింది. దారిలో మిగిలిన తలుపుల పని పూర్తి చేస్తాడని కెప్టెన్ వాడిని వెంటబెట్టుకున్నాడు. పడవలో వాళ్లిద్దరే. రెండో రోజు పొద్దున నేను షెడ్డులో నంది మూపురం చెక్కుతుంటే ఎప్పుడూ చూడని పొడుగు నంబరు నుంచి ఫోను వచ్చింది. పడవలో ఉండే శాటిలైట్ ఫోనట అది.

"అన్నా, నేను! ఈడ గాలివాన. దేన్నో గుద్దుకున్యాం. ముందు గదిలోకి నీళ్లు వస్తాండాయి."

"కెప్టెన్ ఏమంటాండాడు?"

"పైన చుక్కాని కాడ ఉండాడు. పడవ గట్టిది, యాడికీ పోవాకు అంటాండాడు. నాకే నమ్మకం కుదరల్యా. సుత్తితో కొట్టి చూసినా. గోడ పొడుగునా డొల్లే పలుకుతాంది. ఇను."

కొట్టాడు. అంత హోరులోనూ వినబడింది. దబ్, దబ్.

"పగిలింది రా అది! అంతా పగిలింది! తెప్ప ఉందా?"

"ఉంది, గాలితో ఉబ్బేది. కెప్టెనేమో వద్దని..."

"వాని మొగం! వానికేం తెలుసురా? నా చెవి ఎప్పుడన్నా తప్పిందా? బేగా దిగు!"

"సరే అన్నా" అన్నాడు. ఫోను ఆగిపోయింది.

అరగంటలో తెప్ప తిరగబడింది. మూడో రోజు కార్వార్ దగ్గర జాలర్లకు శవమై దొరికాడు నా తమ్ముడు. కెప్టెన్ మాత్రం పడవలోనే ఉండిపోయాడు. తెప్ప తిరగబడిన రోజు సాయంత్రమే హెలికాప్టర్ వచ్చి, తాడు దించి, ఆయన్ను పైకి లాక్కుంది. ఆయన చెప్పిన మాటే పేపర్లో పడింది. చెప్పినా వినకుండా, భయపడి తెప్పలోకి దిగిపోయాడట.

గీతాంజలి ఆ మాట భరించలేకపోయింది. పిరికివాడి పెళ్లాం అని చుట్టుపక్కల వాళ్లు అనుకుంటున్నారని అన్నం ముట్టేది కాదు. పడవే నాసిరకమని, అందుకే తన మొగుడు దిగాడని పెద్దాఫీసులకు అర్జీలు పెట్టింది. వాటి మీద నేనూ సంతకం చేశాను. ఫోను మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. పగిలిన పడవలోంచి దిగమన్నాను, అందులో తప్పేముంది? కెప్టెన్ ఏదో అదృష్టం కొద్దీ బతికాడు. ఏడు నెలలు ఇలాగే అనుకుని నిద్రపోయాను.

మే నెలలో గీతాంజలి ఫోను చేసింది. "బావా, మన అర్జీలు చూసి యార్డు నుంచి ఇంజనీరు వస్తాండాడంట. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం." వాణ్ణి దులిపేద్దామనే నంద్యాల పోయాను. శిరివెళ్ల దాటేదాకా ఏమేం తిట్టాలో బస్సులోనే మనసులో కూర్చుకున్నాను.

ఇంజనీరు పేరు నరేంద్ర. కాకినాడ వైపు కుర్రాడు, మర్యాదస్తుడు. రాజశేఖర్ బ్యాగు తెచ్చి కుర్చీ పక్కన పెట్టాడు. గీతాంజలి దాని వైపు చూడలేదు. వాళ్లమ్మ గోవిందమ్మ మంచినీళ్లు ఇచ్చి, లహరిని చంకనేసుకుని లోపలికి పోయింది. నరేంద్ర సంచిలోంచి పలక లాంటి ముక్కను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ పడవ గోడేనండి మేడమ్. దెబ్బ తగిలిన చోటికి కొంచెం పక్కన కోశాం. రెండు వైపులా ఫైబర్, మధ్యలో గట్టి స్పాంజి లాంటి ఫోమ్. అందుకే తేలిగ్గా ఉంటుంది, అంత బలమూ ఉంటుంది. ముందు గది నిండినా నీళ్లు అడ్డగోడ దాటి రాలేదు. మనిషి లేకుండా ఐదు రోజులు తేలిందండి. ఒడ్డుకు లాక్కొచ్చాం. పడవ పూర్తిగా మునిగేదాకా తెప్ప ఎక్కకూడదని మేం అందరికీ చెబుతాం."

"అబద్ధాలు చెప్పాకప్పా!" గీతాంజలి లేచి నిలబడింది. "పదైదు అడుగుల విగ్రహం మీద నిలబడి ముక్కు చెక్కినోడు నా మొగుడు. గట్టి పడవను ఇడిసిపెట్టి దూకేంత పిరికోడా? బావా, నువ్వు చెప్పు!"

"ఇయ్యిట్ల" అని పలక లాక్కున్నాను. సుత్తి నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తీసి కొట్టాను.

దబ్.

ఫోనులో విన్న చప్పుడే అది. "ఇదో, ఇన్యావా?" అని అరిచాను. "డొల్ల! పగులుంది దీన్లో! ఎవురికి చెబుతావ్ కతలు?"

నరేంద్రకు కోపం రాలేదు. సంచిలోంచి ఇంకో పలక తీశాడు. "ఇది పోయిన వారం చేసిందండి, ఇంకా నీళ్లే చూడలేదు. కొట్టండి."

కొట్టాను. దబ్ మంది. తిప్పి కొట్టాను. అంచు మీద, మూల మీద కొట్టాను. అదే చప్పుడు.

"మధ్యలో ఫోమ్ ఉంటే అలాగే పలుకుతుందండి. రాయిలా మోగదు" అన్నాడు నరేంద్ర మెల్లగా. "రాజశేఖర్ ఎప్పుడూ కొయ్య షెడ్డులోనే ఉండేవాడు. ఒక్కసారి ఫైబర్ షెడ్డుకు వచ్చుంటే ఆయనకీ తెలిసేది."

సుత్తి కింద పెట్టేశాను. పడవ మునగనే లేదు. నా తమ్ముడు గట్టి గోడ పక్కన నిలబడి నన్ను అడిగాడు. నేను వాడిని నీళ్లలోకి పంపాను. అయ్యో దేవుడా, నా చేతులారా పంపాను.

ఫోను సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు మూసుకుంటే నరేంద్ర తన దారిన పోతాడు, నా మరదలు ఎప్పటిలాగే నన్ను బావా అని పిలుస్తుంది, లహరి పెదనాయనా అంటూ ఒళ్లో కూర్చుంటుంది. కాని నా తమ్ముడు పిరికివాడిగానే మిగిలిపోతాడు. చెప్పకూడదనే చాలాసేపు అనుకున్నాను. నేనేమీ ధర్మరాజును కాను.

"గీతమ్మా, వాడు దిగే ముందు నాకు ఫోను చేసినాడు" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

"గోడ కొట్టి ఇనిపించినాడు. పగిలింది, బేగా దిగు అన్యా. నేనే అన్యా."

"కెప్టెన్ ఉండమన్యాడని నీకు చెప్పినాడా?"

"చెప్పినాడు."

"చెప్పినాక కూడా దిగమంటివి."

"నా చెవి తప్పదనుకుంటినమ్మా."

గీతాంజలి నా ముందున్న పలకలు తీసి పక్కన పెట్టింది. కొట్టినా బాగుండేది. తర్వాత అడిగింది. "ఆయన గొంతులో భయముండెనా బావా? నిజం చెప్పు."

"ల్యా. తెలుసుకోవాలని అడిగినాడంతే. నేను చెప్తే సరే అన్నా అన్యాడు."

ఆమె కళ్లు తుడుచుకుని నరేంద్ర వైపు తిరిగింది. "రాసుకోప్పా. నా మొగుడు భయపడి దిగలేదు. వాళ్లన్న దిగమంటే దిగినాడు. మీ కాగితాల్లో అట్లనే ఉండాల, పేపర్లోనూ అట్లనే రావాల." నరేంద్ర తలొంచుకుని రాశాడు. ఆమె ఆ కాగితం తీసి నా ముందు పెట్టింది. కింద సంతకం చేశాను. సుబ్బరాయుడు అనే ఐదక్షరాలు రాయడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

లోపలి నుంచి లహరి పరుగెత్తుకొచ్చి నా మోకాళ్లు పట్టుకుంది. గీతాంజలి వచ్చి బిడ్డను ఎత్తుకుంది. విసురుగా కాదు, మామూలుగానే ఎత్తుకుంది.

"నిన్ను తిట్టను బావా. ఆయన్ను సాకినోడివి. కాని నీ మొగం చూస్తే ఆయన నిన్ను అడగడమే ఇనపడ్తాది. ఇంక రావాకు."

సుత్తి సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని గడప దాటాను.

"పెదనాయనా, మళ్లా ఎప్పుడొస్తావ్?" అని వెనక నుంచి లహరి కేకేసింది.

నేను తిరిగి చూసేలోపే వాళ్లమ్మ చెప్పింది, "రాడు."