మందునకు మడి లేదు

భాద్రపద కృష్ణపక్షము ప్రవేశించి నాలుగు దినములైనను నభోమండలమును గప్పిన నీలజలధరపటలము రవ్వంతయు విచ్చిపోక వసిష్ఠగోదావరీజలమునకును ఆకాశమునకును నడుమనుండు నెల్లను చెఱిపివైచి నరసాపురపు పెంకుటిండ్ల చూరులనుండి రేయింబవళ్లు ధారలు ధారలుగా దిగజారుచుండ గోడలు చెమ్మగిల్లెను. అప్పడములు మెత్తబడెను. అగ్గిపుల్లలు అంటుకొనుట మానెను. దండెములమీది వస్త్రములు ఆరుట యను ధర్మమునే మఱచెను. లోకమున కెల్ల నది వర్షకాలము. భ్రమరాంబకు మాత్రము మడిచీర యారని కాలము. అంతకు మించిన విపత్తు ప్రపంచమున నొకటి కలదని యామె యెఱుగదు.

ఈ భ్రమరాంబ డెబ్బదితొమ్మిదేండ్ల వృద్ధ. ఇరువదిరెండవయేట భర్తృహీనయై పుట్టినింటికి మరలివచ్చి నాటినుండి నేటివఱకు నుపవాస జప నైవేద్య నియమములనే సంసారముగా జేసికొనిన యాచారపరాయణ. ఉదయస్నానానంతరము తాను స్వహస్తములతో నుతికి యారవేసికొనిన వస్త్రమును గట్టి, వండి, దేవునకు నివేదించి, తాను భుజించువఱకు నామెను పరులు తాకరాదు. తాకినచో మరల స్నానము, మరల వంట. నిప్పులు కడుగు నాచారమని యిరుగుపొరుగువారు నవ్వుకొందురు. ఆమె పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఇట్టి యామె శరీరమును మధుమేహ మను మహారోగ మిరువదేండ్లక్రిందట ప్రవేశించి, స్నానముచేసితివా యని యామె యడుగుట కవకాశ మీయకయే సర్వాంగములను దాకి, కన్నులలోని వెలుగును ముప్పాతికవంతు హరించి, పాదములలోని స్పర్శను చడిచప్పుడు లేక యపహరించినది.

ఆమెతో నా యింట నుండునది తమ్ముని కూతురగు హైమవతి. ప్రసవముననే తల్లిని గోల్పోయిన యా శిశువును భ్రమరాంబ తన యొడిలో వేసికొని పెంచెను. ఆ శిశువే యిప్పుడు నలువదియాఱేండ్ల యవివాహితయై బాలికల యున్నతపాఠశాలలో గణితము బోధించుచు, మేనత్తయే తల్లిగను, బిడ్డగను, నిత్యకలహమునకు దగిన ప్రత్యర్థిగను జీవించుచున్నది. గణితము జెప్పువారి కంకెలయందు గల విశ్వాస మితరులకు దేవునియందును ఉండదు. నెత్తుటిబొట్టును పుచ్చుకొని చక్కెరపాలు చెప్పు చిన్నయంత్రమును హైమవతి కొని తెచ్చిననాటినుండి ఆ యంకెయే యా యింటికి పంచాంగమయ్యెను.

మాత్రలు చాలవు, ఇన్సులిను సూది వేయవలసినదే, వేసిన యరగంటలోపల నన్నము తినవలసినదే యని వైద్యుడు విధించినప్పుడు తొలియుద్ధము పుట్టినది. స్నానమైన పిమ్మట తన్ను దాకరాదు గావున సూది స్నానమునకు మునుపే వేయుమని భ్రమరాంబ శాసించెను. హైమవతి యట్లే వేసెను. అటుపిమ్మట స్నానము, జపము, కట్టెపొయ్యి రాజవేయుట, వంట, నైవేద్యము. ఆఱుగంటలకు సూది, పదిన్నరకు విస్తరి. ఇట్లు పండ్రెండుదినములు గడచెను. పదుమూడవనాడు దేవునిమందసమునెదుట భ్రమరాంబ చెమటలు గ్రమ్మి, మాట తడబడి, హారతిపళ్లెరముతోగూడ నేల కొఱగెను. ఆనాడు హైమవతి మైలచీరతోనే లోనికురికి యామె నొడిలో బెట్టుకొని నోటిలో పంచదార పోసి బ్రదికించెను. తెలివి వచ్చిన తోడనే భ్రమరాంబ పలికిన తొలిపలుకు కృతజ్ఞతావచనము కాదు.

"తాకేశావటే?"

హైమవతికి నవ్వును ఏడ్పును ఒక్కమాఱుగా వచ్చెను. మఱునాటినుండి యామె వేకువనే తలస్నానము చేసి తడిచీరతో నిలిచి, వంట యెనిమిదింటికి ముగియునట్లు పొయ్యివద్ద తానును పాలుగొని, మడితోడనే సూది వేయుటకు సంధి కుదిర్చెను. శీతలయంత్రములోనుండి తెచ్చిన సీసామాటయేమని భ్రమరాంబ చాలసే పాలోచించి, తుదకు తానే తీర్పు చెప్పెను.

"మందుకు మడి లేదులే. మా నాన్నగారు అనేవారు."

ఈ విజయము హైమవతిని గర్విష్ఠురాలిని జేసెను. ఎనిమిదింటికి సూది, ఎనిమిదిన్నరకు విస్తరి. యంత్రము చెప్పు నంకె మూడువందలనుండి నూటయెనుబదికి దిగెను. సాయంకాలములందు మాత్రము పోరు నిలువలేదు. భ్రమరాంబ బెల్లపుముక్కను కొంగున ముడివేసికొనుటయు, హైమవతి యది పట్టుకొనుటయు, దొంగకు తేలు కుట్టినట్లు ముసలామె కిమ్మనక కూర్చుండుటయు, అర్ధఘటికలో నెదురుదాడికి దిగి, నీకు నలుగు పెట్టి నీళ్లు పోసినదాన నాకు ముద్దలు లెక్కపెట్టెదవా యని తగవులాడుటయు నిత్యకృత్యములు. చూచువారికది వైరము. అది వారి యన్యోన్యప్రేమకు మిగిలియున్న యొకేయొక భాష.

వైద్యుడు చెప్పిన వన్నియు హైమవతి చేసినది. ఒక్కటి చేయలేదు. దినదినమును అరికాళ్లు చూడుమని యాయన చెప్పియుండెను. ఆమె యడిగినది, భ్రమరాంబ పాదములను చీరకుచ్చెళ్లక్రిందికి లాగికొని, "నా కాళ్లు నేను చూసుకోలేనటే? నీ చేత కాళ్లు పట్టించుకునే గతి ఇంకా పట్టలేదు" అని కసరినది. ముప్పాతికవంతు చూపు పోయినవారు తమ యరికాళ్ల నెట్లు చూచుకొందురో యని హైమవతి తలపకపోలేదు. కాని రోజున కొకయుద్ధము చాలునని యూరకుండెను. ప్రతిదినమును బడికి బోవునప్పుడు గడపయవతలనుండి యత్తపాదములకు నమస్కరించునదే గాని యా పాదములను చూచినది కాదు.

ఇక నీ వర్షదినములలో జరిగినదానిని వినుడు. మడికి గట్టు నున్నిబట్టయగు ధావళి చిమ్మటలు గొట్టి చినిగినది. పట్టుచీర పురుగును చంపి తీసినదని భ్రమరాంబ యేనాడో విడిచినది. మిగిలినది నూలుచీర, అది యారదు. అందుచే నామె యా యుదయమున వంటింట కుంపటి రాజవేసి తడిచీరను రెండుచేతులతో విప్పి నిప్పులపై జాచి పట్టుకొని చాలసేపు నిలిచెను. చిటపటలాడుచు నొక బొగ్గు కుంపటినుండి యెగిరి నేల బడినది. ఆమె దానిపై కాలు మోపి నిలిచెను. మోపినట్లు కాలు చెప్పలేదు, కన్ను చెప్పలేదు, ముక్కుమాత్రము చెప్పినది. ఆనాడు ప్రొద్దెక్కి లేచి యింకను స్నానము చేయని హైమవతి గడపయవతల నిలిచి యడిగెను.

"ఏమిటత్తా ఆ కమురు వాసన?"

"చీరంచు కమిలిందేమోనే, ఖర్మ!"

భ్రమరాంబ చీరయంచు నంతయు వ్రేళ్లతో దడవి చూచుకొని, ఎచ్చటను కమలలేదని దేవునకు నమస్కరించి, యా చీరనే కట్టుకొని వంట చేసినది. లోనికి బోయి చూడవలెనని హైమవతికి దోచెను. తోచియు నాగెను. మడిచీర మైలపడినచో మరల నుతికి మరల నారబెట్టుటకు మధ్యాహ్నమగును, ఎనిమిదింటి సూది తప్పును, అంకె పెరుగును. ఇట్లు లెక్కవేసి యామె యా రెండడుగులు వేయలేదు. ఆ లెక్కలో తప్పు లేదు. అదియే దాని దౌర్భాగ్యము.

అటుపిమ్మట తొమ్మిదవనాటి సాయంకాలమున హైమవతి బడినుండి వచ్చి దీపము వెలిగించుసరికి భ్రమరాంబ కూర్చుండిన పీటక్రింద ఎఱ్ఱచీమలు బారులు తీర్చి పోవుచుండెను. ఆనాటి యంకె నాలుగువందలు దాటియుండుటయు, కారణము తెలియక యామె పగలెల్ల మథనపడుచుండుటయు గలిసి కోపము గట్టు తెంచుకొన్నది.

"బెల్లం ఎక్కడ దాచావత్తా? చీమలు బారులు కట్టాయి."

"నేను ముట్టుకోలేదే."

"నిన్నా అదే అన్నావు. మొన్నా అదే అన్నావు. నువ్వు చచ్చిపోతానంటే నేను ఆపలేను. చాటుగా మాత్రం చావకు!"

భ్రమరాంబ ముఖము వివర్ణమయ్యెను. "ఈమాటు నిజంగా తినలేదే. కావలిస్తే వెతుక్కో" అని యామె కొంగు విప్పి దులిపి చూపెను. కొంగున నేమియు లేదు. హైమవతి చీమలబారు వెంట కన్నులు పోనిచ్చి, పీటక్రింద జూచి, తుదకు కుచ్చెళ్ల నించుక పైకెత్తెను. కుడిపాదమడుగున రూపాయిబిళ్లంత మేర నలుపు, దానిచుట్టును పాలిపోయిన మాంసము, చీలమండదాక నెక్కిన వాపు. చీమలు వెదకికొని వచ్చిన తీపి యదియే.

"ఏముందే అక్కడ? ఏం దొరికింది?" అని భ్రమరాంబ నిజముగనే యడిగెను. హైమవతి పాదమును చేత బట్టుకొని చీమలను దులుపసాగెను. తాను పలికిన పలుకులన్నియు నొక్కొక్కటిగా దన మీదికి మరలివచ్చుచుండెను.

మఱునాడు వైద్యుడు పరీక్షించి, కళ్లజోడు తీసి తుడుచుకొని, హైమవతిని వెలుపలికి బిలిచి చెప్పెను. "మోకాలి కిందికి తీసెయ్యాలండి. రేపైతే పైకి వెళ్లాలి. ఎల్లుండైతే నన్ను అడక్కండి."

భ్రమరాంబ యీ మాట విని యేడ్వలేదు. హైమవతి చేయి తడవి పట్టుకొని, బెల్లము కొఱకు వాదించినట్లు గాక మెల్లగా పలికెను.

"వద్దే హైమా. ఒంటికాలితో నీళ్లెలా తోడుకుంటాను? మడెలా కడతాను? దేవుడికింత ఉడకేసి పెట్టుకోలేని బతుకు నాకెందుకే? కాలు ఉండగానే పోనీ నన్ను."

"నువ్వు పోతే నాకెవరున్నారత్తా?"

ఈ ప్రశ్నకు శాస్త్రమున సమాధానము లేదు. మరణింపదలచినవారి నాపుటకు బ్రదుకువారు వేయు నురి యిది. ప్రేమ పేనినది గావున నెవ్వరును దానిని తప్పనరు. భ్రమరాంబ గోడవైపు దిరిగి పండుకొనెను. పిమ్మట, "సరే. నీ ఇష్టం" అనెను. ఆమె తన జీవితమున నా రెండుమాటల నదివఱ కెన్నడు నెవ్వరితోడను పలికి యెఱుగదు. హైమవతి దానిని సమ్మతియని తలచి కాగితముపై చేవ్రాలు చేసెను.

మూడుమాసములు గడచెను. వర్షములు వెలిసెను. వంటింట గ్యాసుపొయ్యి మాత్రమే వెలుగుచుండెను. హైమవతి వండును, దేవునకు జూపును, మంచమువద్దకు దెచ్చి పెట్టును. భ్రమరాంబ తినును. కాకరకాయ పెట్టిన కాకరకాయ, గంజి పోసిన గంజి. చాలునా యన్నచో చాలుననును. ఇంకొంచెము తినుమన్నచో తినును. కొంగున ముడి లేదు. సాయంకాలమున తగవు లేదు. చెప్పినది చెప్పినట్లు జరుగుచున్నది. యంత్రపుటంకె నూటపదికిని నూటయిరువదికిని నడుమ నిలిచి, హైమవతి యిన్నేండ్లుగా నే రేఖకొఱకు పోరాడెనో యా రేఖమీదనే స్థిరపడినది. వైద్యుడు కాగితములు తిరుగవేసి మెచ్చుకొనెను.

"ఇంత చక్కటి అదుపు నేను ఈమధ్య చూళ్లేదండి. అమ్మగారు ఇన్నాళ్లకి మాట వింటున్నారన్నమాట."

ఇట్లు మెచ్చుకొని, ఎడమపాదమును దడవి, దాని వ్రేళ్ల కొనలు చల్లబడుచున్నవని, కనిపెట్టి చూడవలెనని మఱియొకమాట జేర్చెను. హైమవతి యిప్పుడా యెడమపాదమును దినమునకు మూడుమాఱులు చూచుచునే యున్నది. భ్రమరాంబ దానిని దాచుకొనుట మానినది.

ఆ రాత్రి హైమవతికి నిద్ర పట్టలేదు. మెచ్చుకోలు చెవిలో ముల్లువలె గ్రుచ్చుకొనుచుండెను. తెల్లవాఱినపిదప నామె యొక పిచ్చిపని చేసెను. స్నానము చేయలేదు. ముఖమైన గడుగుకొనలేదు. క్రిందటిదినము బడికి గట్టి, బస్సులో నలిగి, సుద్దపొడియు చెమటయు నంటియున్న చీరతోడనే, జుట్టు విరబోసికొని, సూదిమందు చేతబట్టుకొని, మేనత్త మంచముచెంత నిలిచెను. అత్త నేల కొఱగిన యా యొక్కనాడు తప్ప నలువదియాఱేండ్లలో హైమవతి యట్టి మైలతో నుదయమున నామెను సమీపించి యెఱుగదు. కసరునేమో, ఛీ యనునేమో, తాకెదవటే యని యా బోసినోటితో నొక్క యఱపు అఱచునేమో యని, వరమునకు వేచినట్లు వేచియుండెను.

"అత్తా, నేనింకా స్నానం చెయ్యలేదు."

భ్రమరాంబ వినెను. విన్నట్లు ముఖమున దెలిసెను.

"నిన్నటి మైలచీరే కట్టుకున్నాను. తాకమంటావా?"

వృద్ధురాలు దుప్పటిలోనుండి సన్నని చేతిని మెల్లగా దీసి, రవిక చేతిని తానే పైకి లాగికొని, హైమవతి వైపు చాచెను.

"ఊఁ. పొడు."

హైమవతి మందును కొలత తప్పకుండ సూదిలోనికి లాగెను.