మాసిపోని చొక్కా

గేరు మళ్లీ పట్టేస్తోంది, బస్సుకు కొత్త రంగు వేశారు, కొత్త కంపెనీ పేరు ఈ చివర నుంచి ఆ చివరకు రాయించారు, గేరు వంక మాత్రం ఒక్కరూ చూడలేదు, పైన పటారం లోన లొటారం అనేవాడు రేడియో, లేత్ మెషిన్ మీద పనిచేస్తాడు, బస్సెక్కితే ఫ్యాక్టరీ దాకా నోరు మూయడు కాబట్టి అందరికీ రేడియో అయ్యాడు, ఇప్పుడు కిటికీకి తల ఆనించి బయటకు చూస్తూ కూర్చుంటున్నాడు, ఏరా స్టేషన్ మూసేశావా అని అడిగితే కరెంటు లేదన్నా అన్నాడు, ఎవరూ నవ్వలేదు, ఇదిగో దర్జీ కొట్టు స్టాపు, ఎక్కేవాళ్లు లేరని తెలిసినా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది, ఒకప్పుడు ఇక్కడ ఫుట్‌బోర్డు మీద కూడా చోటు మిగిలేది కాదు, ఊరందరి యూనిఫాములూ కుట్టిన దర్జీ బోర్డు దించేశాడు, కొత్తవాళ్లు చొక్కాలు బయట నుంచి తెప్పిస్తున్నారు, మా కంపెనీ చేసే నీళ్ల పంపులకు కావలసిన ఇనుప భాగాలూ బయట నుంచే, అందుకే ఇనుము కరిగించి పోతపోసే మా ఫౌండ్రీ మూసేశారు, కొలిమి చల్లారితే ఊళ్లో పొయ్యిలు చల్లారతాయిరా అనేవాడు కంపెనీ పెట్టిన పెద్దాయన, ఆయన పోయాక కొడుకులు అమ్మేశారు, కొన్నవాళ్లు మీటింగు పెట్టి ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదన్నారు, మేం చప్పట్లు కొట్టాం, నా పక్కన నిలబడి అందరికంటే గట్టిగా కొట్టింది మా బావే.

బావంటే మా చెల్లెలి భర్త, కరిగిన ఇనుమును మూసల్లో పోసే పని, మీసంలో ఒకవైపు వెంట్రుకలు ఎప్పుడూ కాలి ఉండేవి, ఫౌండ్రీ మూసిన మర్నాడు కూడా యూనిఫాం వేసుకుని అన్నం డబ్బా పట్టుకుని స్టాపులో నిలబడ్డాడు, ఎక్కి నా వెనక సీట్లో కూర్చుని చెవి దగ్గరగా వంగి, మీ చెల్లికి చెప్పకు బావా, ఇంకోచోట పని దొరకగానే నేనే చెప్తా, అన్నాడు, దొరకలేదు, రోజూ ఎక్కుతూనే ఉన్నాడు, బస్సులో ఒక్కరూ అడగరు, జరిగి చోటిస్తారు, అంతే, గేటు బయట షెడ్డులో నేను బస్సు పెడితే అందులోనే సాయంత్రం దాకా కూర్చుంటాడు, ఆదివారం చెల్లెలింటికి వెళ్లానా, కుళాయి దగ్గర కూర్చుని ఆ యూనిఫాం చొక్కాకు సబ్బు పెట్టి రుద్దుతోంది, ఒకప్పుడు ఆ చొక్కా ఉతికితే నీళ్లు తారులా కారేవి, ఫౌండ్రీ మసి అలాంటిది, ఇప్పుడు తెల్లటి నురగ పోతోంది, నేను ఆ నీళ్ల వంక చూశాను, అది నా వంక చూసింది, నాకు తెలుసులే అన్నయ్యా, మొదటి రోజే తెలుసు, ఉతికేదాన్ని నేనే కదా, అంది, మరి ఆయనకి చెప్పెయ్యొచ్చుగా అన్నాను, ఏమని చెప్పను, పొద్దున ఈ చొక్కా తొడుక్కున్న కాసేపే ఆయన మనిషిలా ఉంటున్నారు, అదీ నేనే లాగేసుకోనా, అంది, రుద్దడం మాత్రం ఆపలేదు, మాయని మరక ఏదో అక్కడ ఉన్నట్టు.

అదిగో బావ, ఇవాళ గడ్డం నున్నగా గీసుకున్నాడు, అయ్యో ఎలా చెప్పను, బస్సు తలుపు దగ్గర కొత్త మెషిన్ బిగించారని పొద్దున షెడ్డుకు వెళ్లేదాకా నాకే తెలియదు, కార్డు పెడితే పచ్చలైటు రావాలి, వస్తేనే ఎక్కాలి, పక్కనే సెక్యూరిటీ ఆయన నిలబడ్డాడు, బావ కార్డు పెట్టాడు, ఎర్రలైటు, కార్డును తొడకేసి తుడిచి మళ్లీ పెట్టాడు, ఎర్రలైటే, పాడైనట్టుంది అన్నాడు నవ్వబోతూ, సెక్యూరిటీ ఆయన తలొంచుకుని, నా చేతిలో ఏం లేదన్నా, అన్నాడు, వెనక నుంచి రేడియో లేచి, నా కార్డు పెడతా, ఎక్కనివ్వండి సార్, అని అరిచాడు, ఎన్నాళ్లకు వినిపించిందో ఆ గొంతు, వద్దురా, నీది కూడా పోతుంది, అన్నాడు బావ, అనేశాక గానీ తనేమన్నాడో తనకు తెలియలేదు, నీది కూడా అన్నాడు, అందరి ముందూ, మెట్టు దిగి డబ్బా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు, ఊరంతా తెలిసిన మనిషి ఎటు వెళ్లాలో తెలియక నిలబడ్డాడు, నేను ఇంజన్ ఆపేశాను, లేటవుతోందన్నా అంటున్నాడు సెక్యూరిటీ ఆయన, అయితే కానీ, దిగి వెళ్లి బావ భుజం పట్టుకున్నాను, ఇంటికెళ్లు బావా, చెల్లికి తెలుసు, అన్నాను, ఎప్పట్నించి అన్నాడు, మొదట్నించీ అన్నాను, బావ నన్ను తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది, గడ్డం మాత్రం వణికింది, పసిపిల్లాడికి వణికినట్టు.

బస్సు కదిలింది, కిటికీలోంచి తల బయటకు పెట్టి చూస్తే బావ ఇంటివైపే నడుస్తున్నాడు, మొదట మెల్లగా, తర్వాత వడివడిగా, ఆ ఉద్యోగం నేను తెచ్చివ్వలేను, ఆ కొలిమి మళ్లీ వెలగదు, రేపోమాపో ఈ బస్సునూ నన్నూ కూడా వద్దంటారు, అదంతా సరే, ఒకే ఇంట్లో ఇన్నాళ్లూ ఒకరికి కనపడకుండా ఒకరు కళ్లు తుడుచుకున్నారు, పని పోయినందుకు ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ గొంతెత్తి ఏడవనే లేదు, ఇవాళ ఏడుస్తారు, ఇద్దరూ కలిసి.